పిల్లల గదిలో ట్యాబ్‌లు పెట్టాలా, పుస్తకాలు కొనాలా? మా లైబ్రరీ సంగతి, మీ అభిప్రాయం చెప్పండి

పర్లాకిమిడి కోడలు:
అందరికీ నమస్కారం. మా పర్లాకిమిడి ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉంది. ఇక్కడి లైబ్రరీలో పిల్లల గది బాగుచేయిస్తామని కమిటీవాళ్ళు అంటన్నారు. ఇప్పుడది చీకటి గది, రెండు బీరువాలు, ఒక కుంటి బల్ల, అంతే. కొత్త ప్లాన్ ఏటంటే బీరువాలు తీసేసి ఎనిమిది ట్యాబ్‌లు, గోడకి పెద్ద టీవీ. నేను వద్దన్నాను. మా పాప మూడో క్లాసు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, గలగలా తెలుగు మాట్లాడతాది గానీ ఒక్క అక్షరం చదవలేదు. దానికి పనికొచ్చే తెలుగు బొమ్మల పుస్తకాలు అక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటికీ సగం అట్టలు లేవు. ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్కనే ఉంది, అక్కడి బళ్ళో అదే వయసు గుంటలు తెలుగు వాచకం చదివేస్తంటే ఇది పక్కన నిలబడి బొమ్మలు చూస్తాది. ఆ డబ్బు పుస్తకాలకి పెట్టమనడం తప్పా?

గుణుపురం తమ్ముడు:
అక్కా మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను. మీ ఇంట్లో ఫోనో ల్యాప్‌టాపో ఉంటాది. మా వైపు కొండల మీంచి దిగొచ్చే సవర గిరిజనుల పిల్లల ఇళ్ళల్లో ఏటుంటాది? నా సంగతే చెప్తాను, డిగ్రీ అయ్యాక ఉద్యోగం పరీక్ష రాయడానికి వెళ్తే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు, మౌస్ పట్టుకోవడం నాకదే మొదలు, మొదటి పది నిమిషాలు బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కోడానికే పోయాయి, జవాబులు తెలిసి కూడా రాయలేకపోయాను. పుస్తకం పక్కింట్లో అడిగైనా తెచ్చుకుంటాం, కంప్యూటర్ ఎవరిస్తారు? ఊళ్ళో పేదోడి పిల్ల అడుగు పెట్టగలిగింది ఆ లైబ్రరీ ఒక్కటే.

పాత మేస్టారు:
నాయనా, నువ్వు రాసింది చదివి మనసు బాధపడింది. కానీ నేను పనిచేసిన బడికి కూడా కంప్యూటర్లు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి గుడ్డ కప్పి తాళం వేశారు, ఒక్కటి చెడితే బాగుచేసేవాడు బరంపురం నుంచి రావాలి, అతనికి ఛార్జీలెవరిస్తారని మూడు నెలలు ఉత్తరాలు నడిచాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లాలో ఎన్ని రోజులు కరెంటు లేదో అందరికీ గుర్తే కదా. నాకు యంత్రాల మీద కోపం లేదు. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు పాతూరి నాగభూషణం గారు. ఆ పడవని అప్పటి టెక్నాలజీ అనే అంటాను నేను. కానీ ఆ పడవలో ఉన్నది పుస్తకాలు, దాన్ని నడపడానికి ఒక మనిషి ఉన్నాడు. మీ ఎనిమిది ట్యాబ్‌ల పక్కన కూర్చునేది ఎవరు? ఉన్న లైబ్రేరియన్ ఒక్కడే, పేపర్లు సర్దడమూ ఆయనే, తాళం వేయడమూ ఆయనే.

ఇద్దరు పిల్లల తల్లి:
టీవీ మాత్రం వద్దే వద్దు. మా చిన్నోడికి మూడేళ్ళు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించి స్క్రీన్ వద్దని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ గంటా ఇంట్లోనే అయిపోతంది మాకు. టీవీ పెడితే అందరూ అదే చూస్తారు, బీరువా వైపు ఎవరూ వెళ్ళరు.

రాయగడ టెక్నీషియన్:
మీరందరూ ట్యాబ్ అయినా పుస్తకమైనా ఒకటే ఉండాలన్నట్టు మాట్లాడతన్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది, బోలెడు పిల్లల కథలు బొమ్మలతో సహా ఉచితం, దించుకుని ప్రింటు తీసుకోవడానికి కూడా అనుమతి ఉంది. తెలుగు ఉంది, ఒడియా ఉంది, సవర కథలూ ఉన్నాయి. ఒక కంప్యూటరు, ఒక రంగుల ప్రింటరు, కుట్టుకోడానికి దారం, చాలు. ఒకే కథని ఎడమ పేజీలో ఒడియా, కుడి పేజీలో తెలుగు వేసి కుట్టారనుకోండి, మీ పాప ఒడియా చదివి పక్కన తెలుగు పోల్చుకుంటాది, రెండూ గుండ్రటి అక్షరాలే కదా, తొందరగా పట్టేస్తాది. ఇంకో మాట. ఫోన్‌లో మామ్మల చేత కథలు చెప్పించి రికార్డు చేసి గదిలో ఒక స్పీకర్ పెట్టండి. కరెంటు పోయినా బ్యాటరీతో నడుస్తాది.

పాత మేస్టారు:
ఇది నచ్చింది నాకు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్తూనే సవర నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు వేయించారు. అలాంటి ఊళ్ళో పిల్లల గదిలో సవర మాట ఒక్కటి వినపడకపోతే ఎలా చెప్పు.

గుణుపురం తమ్ముడు:
ప్రింటరు సరే. కానీ ఒక్క కంప్యూటరే ఉంటే అది లైబ్రేరియన్ టేబుల్ మీదకి పోతాది, పిల్లల చేతికి రాదు, నేను చూశాను ఇలాంటివి. కీబోర్డు ఉన్నది ఇంకోటి పిల్లల కోసమే కావాలి, తాళం లేకుండా, సాయంత్రం ఏడు దాకా. ఈ ఒక్కటి మాత్రం నేను వదలను.

పర్లాకిమిడి కోడలు:
తమ్ముడూ నీ పరీక్ష సంగతి చదివాక నేను కొంచెం మెత్తబడ్డాను, నిజం. ఆదివారం మీటింగ్‌లో ఇలా అడుగుతాను: బీరువాలు తీయొద్దు, టీవీ వద్దు, ఎనిమిది ట్యాబ్‌ల బదులు రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మిగిలినదాంట్లో సాయంత్రం రెండు గంటలు కూర్చునే అమ్మాయికి జీతం. జీతం దగ్గరే గొడవ వస్తాది, వస్తువులకైతే బిల్లు ఉంటాది, మనిషికి పద్దు లేదు అంటారు. మేస్టారూ, మీరు కూడా వస్తే బాగుంటాది, మీ మాట వింటారు. మా అత్తగారు కథ చెప్తానన్నారు గానీ ఆవిడకి తెలుగే వచ్చు, సవరలో చెప్పగలిగే పెద్దవాళ్ళు ఎవరైనా తెలిస్తే ఇక్కడే రాయండి.