పండగ శుభాకాంక్షలు పంపిన ఎంబసీ పండగ రోజున తలుపు తీయాలా, వద్దా?

ఉప్పుటేరు:
నిన్న అమెరికన్ ఎంబసీ నుంచి మెయిల్ వచ్చింది. స్టెప్‌లో, అంటే విదేశాల్లో ఉన్నవాళ్ళ కోసం అమెరికా ప్రభుత్వం నడిపే జాబితాలో, పేరు నమోదు చేసుకున్న అమెరికన్ పౌరులందరికీ వచ్చేదే. పైన పండగ శుభాకాంక్షలు, విదేశాల్లో ఉంటున్న అమెరికన్ కుటుంబాలన్నీ క్షేమంగా ఉండాలని. కింద డిసెంబరు 25న, జనవరి 1న ఆఫీసు మూసి ఉంటుందని. ఆ కింద పాస్‌పోర్ట్ గడువు ఒకసారి చూసుకోమని.

నాకు చివరిదాకా చదవబుద్ధి కాలేదు. పోయినేడు 24 రాత్రి విశాఖలో మా అమ్మకి స్ట్రోక్ వచ్చిందని తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పటికప్పుడు టికెట్లు తీసి టాక్సీ ఎక్కాం. ఎయిర్‌పోర్టులో దిగాక చూసుకుంటే మూడు పాస్‌పోర్ట్‌లు, వీసా లేకుండా ఇండియా రానిచ్చే ఓసీఐ కార్డులు మూడు ఉన్న పౌచ్ లేదు. టాక్సీలో ఉండిపోయింది. ఎంబసీ ఎమర్జెన్సీ నంబరుకి చేశాను. డ్యూటీ ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడారు. రేపు సెలవు, ఎల్లుండి పొద్దున 8 గంటలకు రండి అన్నారు. 25 తెల్లవారుజామున అమ్మ పోయింది. 26 సాయంత్రం తమ్ముడు తలకొరివి పెట్టాడు. పెద్దకొడుకుని నేను. వీడియో కాల్‌లో చూశాను. ఫోన్ పట్టుకున్నవాళ్ళ చెయ్యి వణుకుతుంటే ఒకసారి చితి, ఒకసారి ఆకాశం కనబడ్డాయి.

నేనుండే దేశం పేరు, ఎంబసీ పేరు ఇక్కడ రాయను. నా ప్రశ్న ఒక్కటే. పౌరులకు శుభాకాంక్షలు చెప్పే ఆఫీసు, పౌరుడికి కష్టం వచ్చిన రోజున ఒక్క మనిషితోనైనా తలుపు తీయాలా, వద్దా?

కాకినాడ_కాజా:
అన్నా, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. తీయాలి. ఇందులో చర్చ ఏముంది?

పాతబేగంపేట:
మీ అమ్మగారి విషయం విని చాలా బాధపడ్డాను. కానీ ప్రశ్న అడిగారు కాబట్టి జవాబు చెప్పాలి. ఎంబసీలు అమెరికా సెలవులకీ, ఆ దేశపు సెలవులకీ మూస్తారు. పౌరుడు అరెస్టయినా, చనిపోయినా, ఆపదలో పడినా సెలవు రోజున పలకడానికి డ్యూటీ ఆఫీసర్ ఉంటారు. మీకూ పలికారు. పాస్‌పోర్ట్ ముద్రించడానికి మాత్రం సిబ్బంది రావాలి, సిస్టమ్ తెరవాలి, ఫొటో, ఫారాలు, మీ వివరాలు సరిచూసుకోవడం, ఇదంతా ఉంటుంది.

ఇంకో సంగతి. మీ ఓసీఐ కార్డులు కూడా పోయాయన్నారు. అంటే అమెరికా పాస్‌పోర్ట్ చేతికొచ్చినా ఇండియా వీసా కావాలి. 25న ఇండియన్ ఎంబసీకి కూడా సెలవే. మరి ఆలస్యం ఎవరి ఖాతాలో వేయాలి?

చలిదేశం:
ఇక్కడ అసలు పాయింట్ పన్ను. ప్రపంచంలో ఎక్కడ ఉండి సంపాదించినా తన పౌరుల దగ్గర లెక్క అడిగే దేశాలు అమెరికా, ఎరిత్రియా, అంతే. 10,000 డాలర్లు దాటితే బయటి బ్యాంకు ఖాతాలన్నిటి వివరాలూ ఏటా చెప్పాలి. 1924లో కుక్ వర్సెస్ టేట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దీనికి కారణం కూడా చెప్పింది. మెక్సికోలో స్థిరపడిన ఒక అమెరికన్, ఇక్కడి ఆదాయం మీద మీకెందుకు పన్ను అని అడిగితే, పౌరుడు ఎక్కడున్నా ప్రభుత్వం వల్ల అతనికీ అతని ఆస్తికీ మేలు కలుగుతుంది కాబట్టి పన్ను వేయొచ్చంది. ఆ మేలు ఏదో డిసెంబరు 25న చూపించమని అడగడంలో తప్పేముంది? నేను 11 ఏళ్ళుగా రిటర్నులు వేస్తున్నాను. ఒక్క ఏడాది కూడా మానలేదు.

పాతబేగంపేట:
చలిదేశం గారూ, కాన్సులర్ విభాగం మీ ఇన్‌కమ్ టాక్స్ మీద నడవడం లేదండీ. ఎక్కువ భాగం ఫీజుల మీదే నడుస్తుంది. పాస్‌పోర్ట్ ఫీజులు, అంతకంటే పెద్దది వీసా ఫీజులు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికన్ కాన్సులేట్ లైన్లో నిలబడే పిల్లలు ఒక్కొక్కరూ 185 డాలర్లు కడతారు. వీసా ఇవ్వకపోయినా అది తిరిగి రాదు. మనవడిని చూడ్డానికి బయల్దేరే అమ్మానాన్నలదీ అంతే. మన సేవలకు డబ్బు పెడుతున్నది చాలావరకు వాళ్ళు. మనం పన్ను కట్టాం కాబట్టి తలుపు తీయమనేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

తెనాలి_మామ్మ:
నాకు కూడా ఆ మెయిల్ వస్తుంది నాయనా. మా అబ్బాయి పిటిషన్ మీద గ్రీన్‌కార్డు, తర్వాత సిటిజన్‌షిప్ వచ్చాయి. మా ఆయన పోయాక ఇక్కడికి వచ్చేశాను. మెయిల్ వచ్చినప్పుడు మనవరాలికి ఫోన్ చేసి చదివించుకుంటాను. సంక్రాంతికి ముందు ఎవరో ఒకరు బావున్నావా అని అడిగినట్టుంటుంది. దాన్ని తిట్టకండి.

కాకినాడ_కాజా:
మామ్మగారూ, ఎవరూ తిట్టడం లేదండీ.

లేబర్‌క్యాంప్_లెక్కలు:
అందరూ ఎంబసీ వచ్చి ఎత్తుకుపోతుందనుకుంటారు. చట్టంలో అలా లేదు. వాళ్ళు చేసేవి: జైల్లో ఉంటే వచ్చి చూస్తారు, లాయర్ల జాబితా ఇస్తారు, ఇంటికి కబురు చేస్తారు, అత్యవసర పాస్‌పోర్ట్ ఇస్తారు, బిడ్డ పుడితే 100 డాలర్లకు జనన నివేదిక, మనిషి పోతే మరణ నివేదిక. లాయరు ఫీజు, ఆసుపత్రి బిల్లు కట్టరు. చేతిలో డబ్బు లేక స్వదేశం వెళ్ళడానికి సాయమడిగితే అప్పుగా ఇస్తారు. అది తీరేదాకా మామూలు పాస్‌పోర్ట్ ఇవ్వరు. యుద్ధం వచ్చి తరలించినా మామూలు విమాన ఛార్జీకి సరిపడా ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకుంటారు. 2006లో లెబనాన్ నుంచి 15,000 మంది దాకా తెచ్చినప్పుడు గొడవైతే ఆ నోట్లు వదిలేశారు. 2020లో కోవిడ్ అప్పుడు లక్ష మందికి పైగా వెనక్కి తెచ్చారు. అప్పుడూ చాలామందితో సంతకాలు చేయించారు.

చలిదేశం:
అప్పు పత్రం రాయించుకునే ప్రభుత్వం శుభాకాంక్షలు ఎందుకు పంపాలి? నేను అడిగేదీ అదే. నోటరీ సీలు ఒక్కోటి 50 డాలర్లు. మా బాబు పాస్‌పోర్ట్‌కి నా భార్య రాలేని పరిస్థితిలో సమ్మతి పత్రానికి కూడా నోటరీ కావాలన్నారు. 16 ఏళ్ళలోపు పిల్లలకు తల్లీదండ్రీ ఇద్దరూ వెళ్ళాలి, లేదా ఆ పత్రం తేవాలి. సగం రోజు సెలవు, రైలు టికెట్టు, ఇవన్నీ నా జేబులోంచే.

పాతబేగంపేట:
పిల్లల్ని ఒక పేరెంట్ రెండోవాళ్ళకు చెప్పకుండా ఎత్తుకుపోకుండా పెట్టిన రూలు అది. దానికీ శుభాకాంక్షలకీ సంబంధం లేదు.

ఉప్పుటేరు గారూ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. 26న పాస్‌పోర్ట్ ఎన్నింటికి ఇచ్చారు? వీసా ఎప్పుడొచ్చింది?

ఉప్పుటేరు:
26 మధ్యాహ్నం 3 గంటలకు ముగ్గురివీ ఇచ్చారు. అప్పటికి ఇండియన్ ఎంబసీలో వీసా కౌంటర్ మూసేశారు. 27 మధ్యాహ్నం వీసాలు. 28 ఉదయం విశాఖలో దిగాం.

పాతబేగంపేట:
చూడండి. ఒకవేళ 25న పాస్‌పోర్ట్ ఇచ్చారనుకుందాం. 26 ఉదయం వీసాకి వెళ్ళి, మధ్యాహ్నం తీసుకుని, రాత్రి విమానం ఎక్కితే 27 ఉదయం. దహనం 26 సాయంత్రం జరిగింది. అమెరికన్ ఎంబసీ తలుపు తీసినా మీరు అందుకునేవారు కాదు. నేను కఠినంగా మాట్లాడుతున్నానని కాదు. తప్పు లేనిచోట తప్పు పెడితే మీకే మనశ్శాంతి ఉండదు.

కాకినాడ_కాజా:
బేగంపేట గారూ, ఇక ఆపేయండి ప్లీజ్.

లేబర్‌క్యాంప్_లెక్కలు:
ఒక చిన్న సందేహం. 27 ఉదయానికి చేరాలంటే ఏ దేశం నుంచో తెలియాలి కదా. గల్ఫ్ అయితే రాత్రి విమానం 4 గంటలే.

ఉప్పుటేరు:
లెక్క మీరొక్కరే చేశారనుకోకండి. ఏడాదిగా రోజూ చేస్తున్నాను. 25 పొద్దున తమ్ముడు అడిగింది ఒక్కటే మాట. అన్నయ్యా, ఎప్పుడొస్తావు? ఐస్ బాక్స్ తెప్పించాం, నువ్వు ఫలానా టైముకి వస్తానంటే ఆపుతాం అన్నాడు. మామయ్యలు కూడా ఒప్పుకున్నారు. 27 ఉదయం అని నేను చెప్పగలిగి ఉంటే ఆపేవాళ్ళు. చెప్పలేకపోయాను. పాస్‌పోర్ట్ ఎప్పుడిస్తారో తెలీదు, వీసా ఎప్పుడొస్తుందో తెలీదు. డ్యూటీ ఆఫీసర్‌కి మూడుసార్లు చేశాను. ఎల్లుండి పొద్దున రండి, అంతే. ఎల్లుండి ఎన్నింటికి చేతికిస్తారు అంటే అది చెప్పలేమండీ అన్నారు. 26 మధ్యాహ్నం దాకా చూసి, ఇక నీ ఇష్టం అని తమ్ముడికి నేనే చెప్పాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను. మీ లెక్కలో అది ఎక్కడ పెడతారు?

మా అమ్మ చావు మీకు టైమ్‌టేబుల్‌లా కనిపిస్తే నేను చేసేదేమీ లేదు.

మోడరేటర్:
ఇద్దరూ కాసేపు ఆగండి. వ్యక్తిగతంగా వెళ్తే థ్రెడ్ లాక్ చేస్తాను.

చలిదేశం:
లాక్ చేయాల్సిన అవసరం లేదు. తప్పు మాట్లాడింది ఎవరో అందరికీ కనబడుతోంది.

పాతబేగంపేట:
లాక్ చేసేముందు నన్ను ఒక్కటి చెప్పనివ్వండి.

2005లో మా నాన్న పోయారు. నేను అమెరికాలో హెచ్‌1బి మీద ఉన్నాను. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయింది. ఇండియా వెళ్తే స్టాంపింగ్ కోసం చెన్నై వెళ్ళాలి. అప్పటికి హైదరాబాద్‌లో కాన్సులేట్ లేదు, 2008లో పైగా ప్యాలెస్‌లో పెట్టారు. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. తిరిగి రాలేకపోతే ఉద్యోగం, అద్దె, నెలలు నిండిన భార్య. వెళ్ళలేదు. నేనూ పెద్దకొడుకునే. మాకప్పుడు వీడియో కాల్ కూడా లేదు. పదకొండో రోజు ఫొటోలు పోస్టులో వచ్చాయి.

అప్పుడు నేను ఫోన్ చేయడానికి డ్యూటీ ఆఫీసర్ లేడు. నేను ఆ దేశపు మనిషిని కాదు. ఇక్కడివాళ్ళకేమో అమెరికావాడిని. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజున నేను అనుకున్నది ఒక్కటే, ఇక నుంచి ఏ దేశంలో ఉన్నా అడగడానికి ఒక తలుపు ఉందని. అది ఒక రోజు మూసి ఉంటుందేమో కానీ ఉంది. అందుకే దాన్ని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మీ మీద కాదు.

తెనాలి_మామ్మ:
ఇంత బాధ కడుపులో పెట్టుకుని లెక్కలు చెప్తావేమయ్యా.

ఉప్పుటేరు:
బేగంపేట గారూ, ఇది ముందే చెప్పి ఉంటే నేను ఆ మాట అనేవాడిని కాదు. క్షమించండి.

నా కోపం కూడా తలుపు మీద కాదేమో. 27న ఇండియన్ ఎంబసీలో వీసా ఫారం నింపుతుంటే ప్రయాణం ఎందుకు అనే గడి దగ్గర ఆగిపోయాను. మా అమ్మ ఇంటికి వెళ్ళడానికి కారణం రాయాలి. నేను పుట్టిన ఊరు రాసి, జాతీయత దగ్గర అమెరికన్ అని రాశాను. మా పాప పక్కన కూర్చుని, నాన్నా మనం ఇండియాకి టూరిస్టులమా అని అడిగింది. నిన్నటి మెయిల్‌లో విదేశాల్లో ఉంటున్న అమెరికన్లు అని చదివినప్పుడు అదే గుర్తొచ్చింది. నేనుండే దేశం నాకు విదేశం. ఇండియా కాయితాల మీద విదేశం. అమెరికాలో 14 ఏళ్ళున్నాను, అక్కడ మాకు ఇల్లు లేదిప్పుడు.

చలిదేశం:
ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కదా. ఆ ఒక్కటి మారితే ఈ గొడవే ఉండదు. ఓసీఐ ఉన్నా ఓటు లేదు, పొలం కొనలేం. చట్టం ప్రకారం విదేశీయులమే.

పాతబేగంపేట:
అది వేరే థ్రెడ్ పెట్టండి.

తలుపు విషయంలో నా మాట అదే. సెలవు రోజున ఆఫీసు నడపమనడం సరికాదు. కానీ ఉప్పుటేరు గారు చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకుంటాను. డ్యూటీ ఆఫీసర్ ఎల్లుండి రండి అనడంతో ఆగకుండా, ఎన్నింటికి వస్తే ఎన్నింటికి చేతికి రావచ్చు, కావలసిన కాయితాలేంటి, ఫొటో ఎక్కడ తీయించాలి అని చెప్పి ఉండాల్సింది. దానికి తలుపు తీయక్కర్లేదు, ఫోన్ చాలు. చావు కోసం ఎదురుచూసే ఇంటికి టైము తెలియడమే సగం సాయం.

లేబర్‌క్యాంప్_లెక్కలు:
ఫొటోకి కళ్ళజోడు తీసేయాలి. 2016 నుంచి రూలు. సెలవు రోజున చాలామంది దానికోసం మళ్ళీ స్టూడియోకి పరిగెత్తుతారు.

ఉప్పుటేరు:
నాదీ అంతే అయింది. మొదటి ఫొటో తిరగ్గొట్టారు. 26న ఒక గంట అక్కడ పోయింది.

పాతబేగంపేట:
సంవత్సరీకం తిథి ఎప్పుడు పడింది?

ఉప్పుటేరు:
మార్గశిర బహుళ దశమి. ఈసారి 14న. 11 రాత్రి విమానం. కొత్త ఓసీఐ కార్డులు గత నెలలోనే వచ్చాయి. పాప పాస్‌పోర్ట్ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో, ఆవిడది నా దగ్గర, నాది పాప స్కూల్ బ్యాగులో పెట్టాం. పాపే గంటకోసారి జిప్ తీసి చూసుకుంటోంది.