గట్టు చెక్కుతుంటే మట్టి గూడు, లోపల పసుపుపచ్చ గుడ్లు. ఏం పురుగువి?

దుగ్గిరాల కౌలు రైతు:
మినుము తీసేశాం కదా అని గట్లు చెక్కిస్తుంటే పారకి ఎండిన నురగలాంటి ముద్ద తగిలి విరిగింది. వేలి కణుపంత ఉంది. లోపల పసుపుపచ్చటి సన్నటి గుడ్లు పక్కపక్కనే పేర్చినట్టున్నాయి. అలాంటివి ఇంకా కనిపించాయి. కూలికొచ్చినాయన పాము గుడ్లన్నాడు, ఇంత చిన్న పాము ఎక్కడిదయ్యా అంటే నవ్వేశాడు. కిందటేడు వరి ఈనిక టైములో మిడతలు వెన్నుల కాడలు కొరికేశాయి, మందు కొట్టినా దక్కలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందా? గట్టు మీద గడ్డి కాల్చేస్తే సరిపోతుందా?

మంగళగిరి కుర్రాడు:
కాల్చెయ్ అన్నా, ఖర్చులేని పని. ఇవి 2020లో టీవీల్లో చూపించిన మిడతలేనా? అప్పుడు మా ఊళ్లో అందరికీ ఒకటే టెన్షన్.

తెనాలి రిటైర్డ్ ఏఓ (వ్యవసాయ అధికారి):
కాలిస్తే పోయేది గడ్డే బాబూ. గుడ్లు రెండంగుళాల లోతున ఉంటాయి, మంట అక్కడిదాకా దిగదు.

2020లో వచ్చినవి ఎడారి మిడతలు. రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల మీద పడ్డాయి గానీ మన దాకా రాలేదు. ఆ మేలో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల నిండా కనిపించి అందర్నీ హడలగొట్టినవి వేరే రంగుల మిడతలు, వాటికి జిల్లేడే తిండి.

నీకు దొరికింది వరి మిడత గూడే అయ్యుంటుంది. ఆకుపచ్చగా ఉండి, మెడ మీద అడ్డంగా నల్లటి గీతలుంటాయే, అది. ఇది గుడ్లు పెడుతుంటే గట్టు మీద కూర్చుని చూశాను. పొట్ట చివర నాలుగు గట్టి కొనలుంటాయి. వాటిని తెరుస్తూ మూస్తూ మట్టిని తొలుచుకుంటూ దిగుతుంది. కణుపులు సాగి పొట్ట మామూలు కన్నా బాగా పొడవవుతుంది. అడుగు నుంచి గుడ్లు పేర్చుకుంటూ, నురగ వదులుతూ పైకొస్తుంది. ఆ నురగే గట్టిపడి నీ పారకి తగిలింది. ఒక్కో గూట్లో 30, 40 గుడ్లుంటాయి. మగదాని వీర్యాన్ని ఆడది లోపల ఒక సంచిలో దాచుకుని గుడ్డు పెట్టేటప్పుడు వాడుకుంటుంది, అందుకే ప్రతి గూటికీ మళ్లీ జత కట్టాల్సిన పని లేదు.

సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టి నవంబరు దాకా పెడుతుంది. ఆ గుడ్లు ఎండాకాలమంతా గట్టులోనే నిద్రపోయి, తొలకరికి మట్టి తడిశాక జూన్, జూలైలో పగులుతాయి. సీతాకోకచిలుకకి ఉన్నట్టు గూట్లో ముడుచుకునే ప్యూపా దశ మిడతకి లేదు. పిల్ల అచ్చం తల్లిలాగే ఉంటుంది, రెక్కలే ఉండవు. ముందు గట్టు మీది గడ్డి తిని తర్వాత వరిలోకి దిగుతుంది. ఆరేడుసార్లు కుబుసం విడిస్తే గానీ రెక్కలు రావు, దానికి రెండు నెలలు పైనే పడుతుంది. ఏడాదికి ఒకటే తరం. ఈనికలో నువ్వు మందు కొట్టేసరికి అది ఎగిరి పక్క చేలో వాలుంటుంది, చాలావరకు గుడ్లూ పెట్టేసుంటుంది.

కాబట్టి చెక్కుతున్నావు చూడు, అదే మందు. తీసిన మట్టిని మళ్లీ గట్టుకి మెత్తకుండా నాలుగు రోజులు ఎండనివ్వు. గోరింకలు మిగతా పని చూసుకుంటాయి.

పొన్నూరు అక్క:
బెండ, కంది పూలు తినే నలుపు, నారింజ పట్టీల పెంకు పురుగుంది కదా, దాని పిల్లలు మట్టిలో ఈ మిడత గుడ్లే తింటాయని గుంటూరు దగ్గర లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) చెప్పారు. పూలు తినేస్తున్నాయని దాన్ని తిట్టుకుంటాం, ఏం చెప్తాం!

దుగ్గిరాల కౌలు రైతు:
థ్యాంక్స్ సార్. మా చేను పక్కనే కాలవ గట్టు. దాన్ని ఎవరూ చెక్కరు. మరి అక్కణ్ణుంచి రావా?

తెనాలి రిటైర్డ్ ఏఓ:
వస్తాయి. తొలకరి పడ్డాక పొద్దున్నే ఆ గట్టు వెంట నడువు. అడుగేసినప్పుడల్లా రెక్కల్లేని పిల్లలు గుంపుగా గెంతితే, మందు ఆ గడ్డి మీదే కొట్టించు, చేను దాకా రానివ్వకు. ఏ మందు, ఎంత అన్నది రైతు సేవా కేంద్రంలో అడుగు. కాలవ నీళ్లలో మాత్రం పడనివ్వకు, కింద ఊళ్లవాళ్లు తాగేది అవే.