మూడు శతాబ్దాలు నీటిలో ఉన్న వాసా నౌక ఎందుకు కుళ్ళిపోలేదు?

ప్రశ్న (కృష్ణలంక, విజయవాడ):
1628 ఆగస్టు 10న, తొలి ప్రయాణంలో స్టాక్‌హోమ్ రేవు దాటకముందే ఒరిగి మునిగిపోయిన వాసా అనే స్వీడన్ యుద్ధనౌకను 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. మా వీధి వాకిలి గడప కొన్ని వానాకాలాలకే అడుగున పుచ్చిపోయింది. అటువంటిది 333 ఏళ్లు నానిన ఓక్ కొయ్య, దాని మీది శిల్పాలతో సహా ఎలా మిగిలింది? తీశాక ఆరబెట్టకుండా ఏళ్ల తరబడి రసాయనం ఎందుకు చల్లారు?

జవాబు (కలప వ్యాపారి, గుంటూరు):
గడపను పాడుచేసేది నీరు కాదండి. తడిసి, ఆరి, మళ్లీ తడిసే చోట గాలి తగిలి పెరిగే బూజు. పూర్తిగా మునిగిన దుంగ కంటే సగం తేలుతున్న దుంగే ముందు పుచ్చుతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు. పైగా బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కావడంతో ఓడ కొయ్యను తొలిచే సముద్రపు పురుగు అక్కడ బతకలేదు. మురుగు నిండిన ఆ రేవు అడుగున ప్రాణవాయువు కూడా బాగా తక్కువ.

జవాబు (రసాయనశాస్త్ర అధ్యాపకుడు, విజయవాడ):
నానిన కొయ్యను అలాగే ఆరనిస్తే, కణాలలోని నీరు పోయి గోడలు కుంగి, పలకలు బీటలువారి వంకర తిరుగుతాయి. అందుకే నీటి స్థానంలోకి చేరేలా పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనంలాంటి రసాయనాన్ని 1962 నుంచి 1979 వరకు చల్లారు. అసలు చిక్కు తరువాత వచ్చింది. మురుగులోని గంధకం ఆ మూడు శతాబ్దాలలో కొయ్యలోకి ఇంకిపోయింది. తుప్పుపట్టిన పాత మేకుల బదులు, పైకి తీసినవారే వేలాది ఇనుప బోల్టులు బిగించారు. 2000లో వానలు ఎక్కువై, తడి బట్టలతో వచ్చిన సందర్శకుల వల్ల మ్యూజియంలో తేమ పెరిగినప్పుడు కొయ్య మీద తెల్లని, పసుపుపచ్చని మరకలు తేలాయి. ఇనుము తోడ్పాటుతో గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతోందని అప్పుడు బయటపడింది. ఆ తరువాత గాలిలో తేమను అదుపు చేసి, బోల్టులను తుప్పు పట్టని ఉక్కువాటితో మార్చారు. నా దృష్టిలో సముద్రం కంటే ఆ బోల్టులే ఎక్కువ కీడు చేశాయి.

మళ్లీ ప్రశ్న (కృష్ణలంక):
1817లో బొంబాయిలో వాడియా అనే పార్సీ నౌకానిర్మాతల కుటుంబం కట్టిన ట్రింకోమలీ అనే బ్రిటిష్ యుద్ధనౌకకు కూడా ఇదే వైద్యం చేశారా?

జవాబు (కలప వ్యాపారి, గుంటూరు):
అవసరం పడలేదండి. అది మునగలేదు, పైగా మలబారు టేకుతో కట్టినది. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో పాడైన భాగాలను మార్చి బాగుచేశారు. ఇప్పటికీ నీటి మీదే తేలుతోంది.