షుగర్ ఉన్న అత్తయ్యగారికి భుజం బిగుసుకుపోయింది, అరచేతులు ఆనడం లేదు

కోనసీమ కోడలు:
మా అత్తయ్యగారికి 58 ఏళ్లు, షుగర్ వచ్చి పన్నెండేళ్లు. ఆరు నెలలుగా కుడి చేయి పైకి లేవదు, జడ నేనే వేస్తున్నాను. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదట. వయసు వాతమని నొప్పి మాత్రలిచ్చి పంపేశారు. మొన్న కోటిపల్లి రేవులో గోదావరికి దండం పెడుతుంటే చూశాను. చిటికెన వేళ్లు, ఉంగరపు వేళ్లు వంగి ఉండిపోయాయి. అరచేతుల సందులోంచి అవతలి నీళ్లు కనిపించాయి. మూడు నెలల షుగర్ పరీక్ష హెచ్‌బిఎ1సి 9.4 వచ్చింది. క్లోమం జబ్బుకూ కీళ్లకూ సంబంధం ఉంటుందా?

ల్యాబ్ టెక్నీషియన్, భీమవరం:
ఉంటుందండి. మీరు రేవులో చూసింది డాక్టర్లు చేయించే పరీక్షే. దండం పెట్టించి అరచేతుల మధ్య సందు చూస్తారు. 1869లో జర్మన్ శాస్త్రవేత్త లాంగర్‌హాన్స్ క్లోమంలో గుర్తించిన కణాల పుంజాల్లోనే బీటా కణాలుంటాయి, ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే. అది చాలకపోయినా, ఒంటికి పట్టకపోయినా, రక్తంలో చక్కెర పెరిగి ప్రోటీన్లకు అంటుకుంటుంది. ఊదా మూత గొట్టంలో రక్తం తీసి మేము కొలిచేది హిమోగ్లోబిన్‌కు అంటిన చక్కెరనే. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి ఆ 9.4 గడిచిన రెండు మూడు నెలల లెక్క. కీళ్ల చుట్టూ ఉండే కొల్లాజెన్ అనే పోగుల ప్రోటీన్ అంత త్వరగా మారదు. ఏళ్ల తరబడి అంటిన చక్కెర దాని పోగులను ఒకదానికొకటి ముడివేస్తుంది. కొబ్బరి తాడును బెల్లం పాకంలో ముంచి ఆరబెడితే ఎలా బిర్రబిగుస్తుందో ఊహించండి. ఎక్స్‌రేలో అది పడదు. క్లోమం ఇంకా ఎంత ఇన్సులిన్ చేస్తోందో తెలియాలంటే సి-పెప్టైడ్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. బీటా కణం ఇన్సులిన్‌తో సమానంగా దాన్నీ వదులుతుంది, సూదితో తీసుకునే ఇన్సులిన్‌లో అది ఉండదు.

ఫిజియోథెరపిస్టు, రాజమహేంద్రవరం:
అమ్మా, భుజానిది ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు) కావచ్చు, షుగర్ ఉన్నవారిలో ఎక్కువ. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు, విసుగు చెందవద్దు. చూపించుకున్నాక గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం రోజూ చేయించండి. భుజానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే అడిగి తెలుసుకోండి. ఇంకొక మాట. ఎముక సాంద్రత బాగుందని రిపోర్టు వచ్చినా టైప్ 2 షుగర్ ఉన్నవారికి ఎముక విరిగే ముప్పు ఎక్కువే. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది, చేయి పట్టుకుని దింపండి.

వరి రైతు, తణుకు దగ్గర:
పాదాలు కూడా చూడండి. మా నాన్నగారికి ఒక పాదం వాచి వేడెక్కింది. నొప్పి తెలియక రెండు వారాలు చేను గట్ల మీద తిరిగారు. లోపల ఎముకలు విరిగి పాదం రూపమే మారిపోయింది. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే అలా అవుతుందని, వాపు కనబడిన రోజే అడుగు మోపకూడదని అప్పుడు తెలిసింది. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు కూడా.

కోనసీమ కోడలు:
అందరికీ నమస్కారం. ఇప్పుడే పాదాలు చూశాను, వాపు లేదు, రెండూ ఒకేలా చల్లగా ఉన్నాయి. సోమవారం షుగర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఎడమ చేయి కూడా వీపు వెనక్కి వెళ్లడం లేదని ఈ రాత్రే చెప్పారు. నెల రోజులైందట.