అప్‌డేట్: మనిషి తెలుసు, పేరే నోటికి రాదు

రాజోలు వైపు ఎరువుల కొట్లో కూర్చుంటాను, వచ్చిన రైతుది ఏ ఊరో, వరా కొబ్బరా, పాత బాకీ ఎంతో అన్నీ తెలుస్తాయి, పేరు మాత్రం రాదు, ఇది మతిమరుపు జబ్బా అని అడిగాను కదండీ. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. టెన్షన్ చాలావరకు పోయింది.

మనం మొహాలు ఎలా గుర్తుపడతామో చెప్పే, మీలో ఒకరు చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రూస్, యంగ్‌ల 1986 నమూనా నాకు అచ్చంగా సరిపోయింది. ముందు మొహం తెలిసినదని తోస్తుంది, తర్వాత మనిషి వివరాలు, అవి వచ్చాకే పేరు. 1987లో చేసిన ప్రయోగం ఇంకా బాగుంది. ఒక మొహం చూపించి ఇతను రొట్టెలు చేసే బేకర్ అంటే గుర్తుంటోంది, ఇతని ఇంటిపేరు బేకర్ అంటే జారిపోతోంది. మాట అదే! వృత్తి అనగానే పొయ్యి, పిండి, వాసన మనసులోకి వస్తాయి, పేరుకి అలాంటి ఆసరా లేదు.

మా దగ్గర సత్యనారాయణలు వీధికొకరు (అన్నవరం స్వామి చలవ). అందుకే ‘లాకుల దగ్గర సత్యనారాయణ గారు’ అని మనసులో చోటుతో కలిపి పెట్టుకుంటున్నాను. ఖాతా పుస్తకం తీసే ముందు కాసేపు ఆగి, పేరు నేనే గుర్తు తెచ్చుకుని, అప్పుడు పేజీ చూస్తున్నాను. వెంటనే చూసేయడం కన్నా ఇదే బాగా పనిచేస్తోంది. బిల్లు ఇచ్చేటప్పుడు పేరు పెట్టి పిలిస్తే వాళ్ల మొహం కూడా వెలుగుతుందండోయ్.

పెళ్లిళ్లలో మాత్రం కష్టమే. కొట్టు, బస్తాలు ఎదురుగా లేకపోతే మనిషే తట్టడు. అక్కడ ఇప్పటికీ ‘ఏవండీ, బాగున్నారా’తోనే నెట్టుకొస్తున్నాను.