“బాకా లోయలోబడి వెళ్లుచు”: నీళ్ళు తెచ్చింది ఎవరు?

ప్రశ్న: బైబిల్లో 84వ కీర్తన 6వ వచనంలో “వారు బాకా లోయలోబడి వెళ్లుచు దానిని జలమయముగా చేయుదురు” అని ఉంది కదండీ. లోబడి అంటే లొంగిపోయి అనేనా? మా వైజాగ్ ప్రార్థన కూటంలో దీని మీద పెద్ద వాదనే అయ్యింది.

జవాబు: లొంగడం కాదండీ. లోయలో పడి, అంటే లోయ గుండా వెళ్ళడం అది. “పొలాల్లోబడి వెళ్ళిపోయాడు” అంటాం చూడండి, అంతే. మీ కూటంలో వాదించుకోవాల్సింది “చేయుదురు” గురించి. చాలామంది ఇక్కడ దేవుడు నీళ్ళు కురిపించాడని చదివేసుకుంటారు గానీ, వాన సంగతి “తొలకరి వాన దానిని దీవెనలతో కప్పును” అని ఆ తర్వాత విడిగా వస్తుంది. ముందు పని చేసింది “వారు”, అంటే పై వచనంలో “యాత్రచేయు మార్గములు వారికి అతిప్రియములు” అన్న ఆ నడిచేవాళ్ళే. ఎండు లోయ వాళ్ళు నడిచాక తడిసింది.

స్పెయిన్‌లో సాంతియాగో యాత్ర గురించి చదివితే నాకు ఇదే గుర్తొస్తుంది. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర నుంచి అపొస్తలుడైన యాకోబు సమాధి ఉందని నమ్మే గుడి దాకా సుమారు 780 కిలోమీటర్లు. మధ్యలో బుర్గోస్ దాటాక మెసేటా అనే చదును నేల, ఒకచోట ఏకంగా 17 కిలోమీటర్లు ఒక్క ఊరు తగలదు. జనం మర్చిపోయిన ఆ దారిలో 1984లో ఎలియాస్ వలీన్యా అనే పల్లెటూరి ఫాదరు పసుపు రంగు డబ్బా పట్టుకుని రాళ్ళ మీద, చెట్ల మీద, గోడల మూలల మీద బాణం గుర్తులు వేసుకుంటూ పోయాడు. ఇప్పటికీ యాత్రికులు ఆ పసుపు బాణాలు చూసుకునే నడుస్తారు. దారిలో సత్రాల్లో పక్కలు వేసి వంట చేసి పెట్టే వాలంటీర్లలో ఒకప్పుడు అదే దారిన నడిచినవాళ్ళు బోలెడుమంది. నా లెక్కలో ఈ వచనానికి ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం లేదు. నడక వల్ల మన పాపభారం దిగిందా లేదా అని మనలో మనమే తడుముకోవడం కన్నా, వెనకాల వచ్చేవాడికి ఏం మిగిల్చామన్నదే ఈ కీర్తన అడుగుతోందని నాకనిపిస్తుంది.

ప్రశ్న: బాకా అంటే ఏడుపు అని మా పాస్టరు గారు చెప్పారు. అంటే కన్నీళ్ళతో నింపారనా?

జవాబు: ఆ అర్థం చెప్పేవాళ్ళు పూర్వం నుంచీ ఉన్నారు, హీబ్రూలో ఏడుపు అనే మాటకి దగ్గరగా వినిపిస్తుంది మరి. కానీ అదే మాట సమూయేలు రెండో గ్రంథం 5వ అధ్యాయంలో చెట్ల పేరుగా వస్తుంది, మన బైబిల్లో కంబళిచెట్లు అన్నారు. పాస్టరు గారిని తప్పు పట్టను. ఏడుస్తూ నడిచినా పర్వాలేదు, ఊట మాత్రం తవ్వాలి.

ప్రశ్న: నడిస్తేనేనా అన్నయ్యా, బస్సులో వెళ్తే లెక్కలోకి రాదా?

జవాబు: సాంతియాగోలో ఇచ్చే యాత్ర పత్రానికైతే కాలినడకన వెళ్ళేవాళ్ళు కనీసం 100 కిలోమీటర్లు నడవాలి తమ్ముడూ. కీర్తనలో అలాంటి లెక్క లేదు. మన వైజాగ్ రాస్ హిల్ కొండ మీది మేరీమాత గుడికి ఆటోలో ఎక్కేవాళ్ళ సంగతి ఇంకో పోస్టులో తేల్చుకుందాం.