మేనరికాలు తగ్గింది చదువు వల్లా, మేనబావలే లేకనా?

గోదారోడు: మా తాతల కాలంలో ముందు మేనత్త కొడుకు, లేదంటే మేనమామ. ఆ తర్వాతే బయటి సంబంధం. ఆస్తి బయటికి పోకూడదనే కదా పెట్టారు? చదువులొచ్చాయి, తగ్గాయి. అంతే అంటాను.

ఆప్షనల్ సోషియాలజీ: ఆస్తొక్కటే అంటే కుదరదండీ. పసుపు కుంకుమల కింద ఆడపడుచుకిచ్చిన పొలం, ఆమె కూతురు కోడలై వస్తే పుట్టింటికి తిరిగొచ్చేది, నిజమే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి పెళ్లికాని కూతుళ్లకీ ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చింది. మీ లెక్కన మేనరికాలు పెరగాలిగా? మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లోనే వేరే సంగతి పట్టుకున్నారు: ఉత్తరాదిన అమ్మాయి ముక్కూమొహం తెలియని ఇంటికి వెళ్తుంది, మన దగ్గర ఎరిగిన ఇంటికి. దక్షిణాది స్త్రీకి కాస్త ఎక్కువ స్వేచ్ఛ ఉండటానికి ఇదీ ఒక కారణమని 1983లో డైసన్, మూర్ అనే పరిశోధకులు వాదించారు.

పాలమూరు పిల్ల: వాటా కాగితం మీద వచ్చింది. పంపకాలప్పుడు కూతుళ్ల సంతకాలు తీసుకుని పంపేశారు. ఇక ఎరిగిన ఇల్లు సుఖమని ఎవరు చెప్పారు సార్? మేనమామకిస్తే మొగుడి మీద చాడీ ఎవరికి చెప్పాలి? అమ్మకి వాడు తమ్ముడు. అత్తగారేమో సొంత అమ్మమ్మ!

లెక్కల మాస్టారు: చదువే కారణమైతే తమిళనాడులో ఎప్పుడో పోవాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తసంబంధీకుల పెళ్లిళ్లు ఎక్కువున్నది అక్కడే, సుమారు 28 శాతం. ఆంధ్రా కూడా నాలుగో వంతు. నా మట్టుకు అసలు కారణం కాన్పులు. పదహారేళ్లకి మొదలుపెట్టి నలభై దాకా కంటే, నడిమి కొడుక్కీ పెద్దకూతురి కూతురికీ ఈడు కుదిరేది. అదే సర్వేలో ఆంధ్రాలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. అన్నదమ్ములే లేని ఆడపిల్ల కూతురికి మేనమామెక్కడ?

పాలమూరు పిల్ల: మరి వరసకి బావలు లేరా మాస్టారూ? అమ్మ పిన్ని కొడుకు మనకి మామే, అతని కొడుకు బావే. వాళ్లనీ అడగడం మానేశాం. దానికి మీ 1.7 జవాబు చెప్పదు.

లెక్కల మాస్టారు: ఒప్పుకోను. ఆ వరసలు గుర్తుంచుకోవాలంటే పెళ్లిళ్లకీ పండగలకీ కలుస్తుండాలి. పిల్ల బెంగళూరులో, వాడు డాలస్‌లో. పెళ్లిసంబంధాల సైట్లో కులం, గోత్రం, జీతం నింపడానికి గడులున్నాయి. వరసకి ఏమవుతాడో రాయడానికి గడి లేదు.

గోదారోడు: జీతం గడి ఉందిగా. ఆస్తి అన్నది అందుకే!